ఔటైనవాళ్ల కోసం అవ్వ

క్రిస్మస్ సెలవులకు ఉదయగిరి వెళ్తే, ఆ చలిలో తెల్లారకముందే అవ్వ లేచి టీవీ పెట్టేది. ఆస్ట్రేలియాలో జరిగే టెస్టు మ్యాచ్ వచ్చేది. కొట్టంలో మేకలు అరిచినా కదిలేది కాదు. స్కోరు ఆమెకు పట్టదు. ఏ దేశంవాడైనా సరే, ఔటై తలొంచుకుని పోతుంటే, "పాపం, వాళ్లమ్మ చూస్తా ఉంటాదే" అని కొంగుతో కళ్లొత్తుకునేది. మేం నవ్వేవాళ్లం.

ఒక డిసెంబరులో ఆత్మకూరు టోర్నమెంటులో నా ఆట చూడ్డానికి బస్సెక్కి వచ్చింది. నేను మొదటి బంతికే ఔటయ్యాను. జనం ఈలలేశారు. నేను తలెత్తలేక వస్తుంటే, అవ్వ బౌండరీ గీత దాటి ఎదురొచ్చింది.

"ఏందవ్వా, లోపలికొస్తా ఉండావు?" అన్నాడు అంపైరు.

"మనవణ్ణి పిలుచుకొని పోదామని వచ్చినాను" అంది.

నా బ్యాటు తను అందుకుని, భుజమ్మీద చెయ్యేసింది. ఈలలేసినవాళ్లే జరిగి మాకు దారిచ్చారు.