కప్పతల్లికి చెప్పిన ఇంగ్లిష్ వాక్యం

మా చిన్నప్పుడు తరిగొప్పులలో ఒక ఏడాది మిరుగు, అంటే మృగశిర కార్తె, పోయి ఆరుద్ర వచ్చినా చుక్క వాన లేదు... బడి కిటికీ అవతల రోహిణిలో పడ్డ ఒక్క వానకు మొలిచిన పత్తి మాడిపోతుంటే, మా ఖాసిం సారు బోర్డు మీద 'ఇట్ ఈజ్ రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్' అని రాశారు. అంటే కుండపోత అన్నమాట.

మొదట ఉన్న ఆ 'ఇట్' ఎవరు సార్ అని అడిగాను.

"ఎవ్వలు గాదు బిడ్డా. ఇంగ్లిష్‌ల కర్త లేకుంటే వాక్యం నిలబడది. అందుకే ఉత్తగ పెడ్తరు" అన్నారు.

మరి పిల్లులూ కుక్కలూ? ఇంగ్లండులో పాతకాలపు పట్నాల్లో పెద్ద వానకు చచ్చినవి వీధుల్లో కొట్టుకొచ్చేవని కొందరు, గడ్డి కప్పుల మీంచి జారిపడేవని కొందరు అంటారట. "అసలు సంగతి ఎవ్వలకు ఎర్కలేదు" అని నవ్వారు.

ఇంటికెళ్లి మా బాపుకు, అదే నాన్నకు, చెప్పాను. మా ఎడ్లు ఎర్రోడు, కర్రోడికి ఆఖరి గడ్డిమోపు విప్పుతున్నాడు.

"కర్త లేకుంటనే వాన పడ్తదా? మరి మనం ఎవలకు మొక్కాలె బిడ్డా?" అన్నాడు. "మంగళారం దాంక సూస్త. పడకుంటే వీటిని అంగడికి తోల్కపోత. గడ్డి లేక నా కండ్ల ముందట సావద్దు."

ఆదివారం పిల్లలమంతా రోకలికి కప్పను కట్టి, వేపరొట్ట చుట్టి, వాన కోసం కప్పతల్లి ఆడుతూ ఇల్లిల్లూ తిరిగాం. ఎప్పుడూ కప్ప మీద చెంబెడు నీళ్లు పోసేవాళ్లు ఆ ఏడాది దోసెడే పోశారు. నేను మాత్రం పాట మధ్యలో ఆ ఇంగ్లిష్ వాక్యం కూడా చెప్పాను. తెలుగులో వినని దేవుడు ఇంగ్లిష్‌లోనైనా వింటాడేమోనని... పిచ్చిదాన్ని!

మంగళవారం ఎడ్లు అంగడికి పోయాయి. కర్రోడు మూలమలుపు దాకా వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

గురువారం మధ్యాహ్నం దంచికొట్టింది. బడి వరండాలో పిల్లలంతా ఆ వాక్యమే అరుస్తూ ఒకటే గంతులు. నేను వానలోకి దిగాను. ఇంటికి పరుగెత్తితే, బాపు ఖాళీ కొట్టంలో రెండు పలుపుతాళ్లు పట్టుకుని కూర్చున్నాడు.

"అచ్చింది బిడ్డా... రెండు దినాలు ఆగి అచ్చింది" అని వెక్కి వెక్కి ఏడ్చాడు. బాపు ఏడవగా చూడటం అదే మొదలు.

ఇప్పుడు ఊళ్లో అన్నీ ట్రాక్టర్లే. వాన కబురు ఫోనే చెబుతుంది. మొన్న మా అమ్మాయి అదే వాక్యానికి అర్థం అడిగింది. కుండపోత అని చెప్పి, వంటింట్లోకి వెళ్లి కళ్లు తుడుచుకున్నాను.

మీరూ కప్పతల్లి ఆడారా? ఆడితే చెప్పండి... కొట్టంలో ఎడ్లు ఉండగానే వాన వచ్చిందా?