మళ్లీ పుట్టిన ఏరాలు

శామీర్‌పేట చెరువు దాటాక కరీంనగర్ రోడ్డు పక్కన మా ఏరాలూ నేనూ పక్కపక్కనే చేపలు అమ్మేవాళ్లం. ఆమె మా ఆయన అన్న భార్య. అన్నదమ్ములిద్దరూ కలిసి వలకు పోయేవారు. మేమిద్దరం మాత్రం ఒకరి ముఖం ఒకరం చూసుకునేవాళ్లం కాదు. నా ముందు బండి ఆగితే చాలు, "గా చేపలు పాతయి సారూ, ఇటు రాండ్రి" అని అరిచేది.

ఒక చలికాలం ఆమెకు కామెర్లొచ్చి, అలియాబాద్‌లో తల్లిగారింట్లో చాలా రోజులు మంచం పట్టింది. తిరిగొచ్చేసరికి నుదుట బొట్టు లేదు. అక్కడ ప్రార్థనకు పోయి బాప్తిస్మం తీసుకుందనీ, "నేను మళ్ల పుట్టిన" అంటోందనీ మా ఆయన చెప్పాడు. నలభై దాటిన మనిషి మళ్లీ పుట్టడమేమిటి? పుట్టినా ఆ నోరు పోతుందా?

ఆమె మళ్లీ గంప దించిన రోజున గుండ్లపోచంపల్లి కాలనీ నుంచి భార్యాభర్తలు కారులో వచ్చారు. "ఇవి తాజావేనా అండీ?" అని ఆవిడ మా ఏరాలిని అడిగింది.

"నిన్నటివమ్మా, ఐసుల పెట్టిన. పొద్దుగాల పట్టినయి గావాల్నంటే మా చెల్లె కాడున్నయి."

ఏ చెల్లెలా అని నేను వెనక్కి తిరిగి చూశాను. వాళ్లు నా దగ్గర రెండు రవ్వ చేపలు కొనుక్కుని వెళ్లగానే మిగిలిన చేపల మొప్పలన్నీ ఎత్తి చూశాను. నా గంపలో ఏమైనా కలిపిందేమో!

ఇంటికెళ్లి మా ఆయనతో అన్నాను. "మీ వదిన ఏదో మతలబు మీదుంది."

"మంచిగ మాట్లాడినా పరేషానేనా నీకు?" అని ఆయన నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. ఆమె చాయ్ పంపితే వెనకాల మట్టిలో పారబోశాను. ఏదో ఒకరోజు పుస్తకం పట్టుకొస్తుంది, ప్రార్థనకు రమ్మంటుంది, అప్పుడు ఏమనాలో మాటలన్నీ సిద్ధం చేసి పెట్టుకున్నాను. ఆమె ఒక్కసారీ రమ్మనలేదు. దాంతో అనుమానం ఇంకా ముదిరింది. పైగా ఆదివారం పొద్దున, చేపలకు అసలు గిరాకీ ఉండే పూట, బేరం వదిలేసి అలియాబాద్ పోయేది. లాభం లేకుండా ఎవరైనా ఆదివారం వదులుకుంటారా?

చివరికి ఒక ఆదివారం మా ఆయనను గంప దగ్గర కూర్చోబెట్టి ఆమె వెనకాలే వెళ్లాను. ప్రార్థన జరిగేది ఒక రేకుల షెడ్డులో. కిటికీ పక్కన నిలబడ్డాను. పాట అయ్యాక మా ఏరాలు లేచి నిలబడింది. "నా నోరు శాన మందిని కాల్చింది. మా చెల్లెను మస్తు కాల్చిన. ఆమె కోసం ప్రార్థన చెయ్యుండ్రి" అంది.

ముక్కూ ముఖం తెలియని వాళ్ల ముందు నా ముచ్చటా! ఒళ్లు మండిపోయింది. మరునాడు గంప దించకముందే అడిగేశాను.

"నా మాట గక్కడెందుకు తీసినవక్కా?"

ఆమె గంప కింద పెట్టి, "నీ ముంగట చెప్పే ధైర్యం లేకుండె" అంది. తర్వాత మెల్లగా చెప్పింది. "కామెర్లతోని పడ్డప్పుడు పక్కింటామె రోజూ నా బట్టలు పిండింది. ఆమెను నేను ఒకప్పుడు బజార్ల నిలవెట్టి తిట్టిన. ఎందుకు చేస్తున్నవే అంటే, 'నేను అడగకముందే దేవుడు నన్ను ప్రేమించిండు, నేనేం చేస్త మరి' అన్నది. గా మాటకు నేను కూలవడ్డ."

మాటలు బాగానే నేర్పారు, అనుకున్నాను.

ఎండాకాలం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆమె గంపలో ఐసు కరిగిపోయి చేపలు మెత్తబడుతున్నాయి. ఆమెతో బేరమాడుతున్న మనిషి నా వైపు జరిగాడు. నేను ధర తగ్గించాను. అంతే, పాత గొంతు లేచింది. నన్నూ మా అమ్మనూ కలిపి తిట్టింది. నిజం చెప్పాలంటే నాకు హాయిగా అనిపించింది. ఇదిగో, అసలు మనిషి బయటపడింది!

మరునాడు పొద్దున ఆమె నేరుగా నా దగ్గరికి వచ్చింది. పక్కన చేపలమ్మే వాళ్లందరూ చూస్తున్నారు.

"నిన్న నా పాత నోరు లేసింది చెల్లె. తప్పయింది. మీ అమ్మను గూడ అన్న, మాఫ్ చెయ్యి."

వేషం కట్టిన మనిషైతే వేషం జారినందుకు భయపడుతుంది, ఇట్లా పదిమందిలో సిగ్గుపడదు.

"మీ దేవునికి నిన్నటి కోపం తెల్సా?" అన్నాను. ఎకసెక్కంగానే అన్నాను.

"తెల్సు. రాత్రంత నిద్ర పోనియ్యలే. గందుకే వచ్చిన."

ఆ వారంలోనే మా బిడ్డకు జ్వరమొచ్చి మేడ్చల్ ఆసుపత్రికి తీసుకుపోవాల్సి వచ్చింది. మొదటిసారి నా గంప ఆమెకు అప్పజెప్పి ఆటో ఎక్కాను. సగం దూరం పోయాక, వెనక్కి పోయి చూసొద్దామా అనిపించింది. పోలేదు. డాక్టరు దగ్గర కూర్చున్నా మనసు సగం గంప దగ్గరే ఉంది.

సాయంత్రం వచ్చేసరికి ఆమె నా కత్తిపీట మీద ఎవరికో బొచ్చె చేప కోస్తోంది. తన గంప మీద తడిగోనె పొద్దున కప్పినట్టే ఉంది, తీయనే లేదు.

"పిల్లకెట్లుంది?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే అందుకుంది. "గిదేం కత్తే నీది, పొలుసు గూడ తెగుతలేదు. జల్దీ సాన పట్టియ్యి."

ఆ కసురు విని నవ్వొచ్చింది. పిల్లను ఆమె పక్కన కూర్చోబెట్టి నేను చాయ్ తేవడానికి వెళ్లాను.