సాల్మన్ పడవలో పెళ్ళిచూపులు

ఆ రోజుల్లో నాకో గట్టి నమ్మకం ఉండేది. మనిషిని తెలుసుకోవాలంటే ప్రశ్నలు అడగాలి, అడిగితే చాలు, అన్నీ తెలిసిపోతాయి. అమెరికాలో, బెంటన్‌విల్‌లో కాంట్రాక్టు ఉద్యోగం చేసుకుంటూ, అపార్ట్‌మెంట్‌కీ ఆఫీసుకీ ఇండియన్ స్టోర్‌కీ మధ్య కారులో తిరుగుతూ గడిపిన కాలం అది. నెల్లూరు నుంచి అమ్మ సంబంధాలు పంపేది, నేను వీడియో కాల్‌లో ప్రశ్నలు సంధించేదాన్ని, అవతలి అబ్బాయిలు బంగారంలాంటి జవాబులు చెప్పేవారు. తీరా కలిస్తే కథ వేరుగా ఉండేది. ఆఖరుగా వచ్చినతను భోజనం అయ్యేదాకా ఆడవాళ్ళ స్వేచ్ఛ గురించి మాట్లాడి, పార్కింగ్‌లోకి రాగానే "ఇలా ఇవ్వండి, మీరు రివర్స్ చేయలేరు" అంటూ నా చేతిలోంచి కారు తాళాలు లాక్కున్నాడు. (నా కారు. అక్కడిదాకా నేను నడుపుకుంటూ వచ్చిన కారు.) ఆ సంబంధం కూడా వద్దనేసరికి అమ్మకు ఒళ్ళు మండింది. "డిసెంబర్‌లో వస్తావు కదా, ఈసారి మేము చూసినవాడితో తాళి కట్టించుకునే తిరిగి పోతావు" అని ఫోన్ పెట్టేసింది. అమ్మ అన్నంత పనీ చేసే మనిషి.

మా అపార్ట్‌మెంట్‌లోనే పైఅంతస్తులో ఒక అక్క ఉండేది. సొంత అక్క కాదు గానీ అంతకంటే ఎక్కువ అధికారం చలాయించేది. "రెస్టారెంట్‌లో గంటసేపు ఎవడైనా మంచివాడేనే. మూడు రోజులు సిగ్నల్ లేని చోట, చేప పడక, చలిలో కూర్చోబెట్టాలి. అప్పుడు బయటపడుతుంది అసలు రంగు!" అంది. అప్పటికే వాళ్ళాయన, అంటే మా బావగారు, అలాస్కాలో రోడ్డు కూడా లేని ఒక లాడ్జిలో సాల్మన్ చేపలు పట్టడానికి బుక్ చేసి ఉంచారు. అక్క అందులో నన్నూ, బావగారి కాలేజీ జూనియర్‌నీ కలిపేసింది. అతనిది వరంగల్, ఉద్యోగం ప్లేనో అనే ఊళ్ళో. అక్కా నేనూ అతన్ని చాటుగా 'ప్లేనో' అనే పిలిచేవాళ్ళం. పైకి మాత్రం ఇది జస్ట్ ఫ్రెండ్స్ ట్రిప్. సంగతి నలుగురికీ తెలుసు, నలుగురం తెలియనట్టు నటించాం.

లాడ్జికి నీళ్ళ మీద దిగే చిన్న విమానంలో వెళ్ళాలి. ఎక్కేముందు సామానుతో పాటు మనుషుల్నీ తూచారు. పెళ్ళిచూపుల్లో అమ్మాయిని పాట పాడమంటారని విన్నాను గానీ కాటా ఎక్కిస్తారని వినలేదు. పైగా పైలట్ ఒక్కొక్కరి బరువూ ఊరంతా వినేలా చదివాడు. (నా అంకె ఇక్కడ రాయను. అది విన్నది ఆ ముగ్గురూ, పైలట్టూ, ఒక సీగల్ పక్షీ, చాలు.) ప్లేనో మాత్రం ఆ క్షణంలో ఆకాశంలో మబ్బుల్ని ఎంతో శ్రద్ధగా పరిశీలించాడు. మొత్తం బరువు ఎక్కువైంది, ఏదో ఒకటి వదిలేయాలన్నారు. పైలట్ వేలు అక్క తెచ్చిన రైస్ కుక్కర్, సోనా మసూరి బియ్యం, పచ్చళ్ళ మూట వైపు తిరిగింది. బావగారి మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పుడు ప్లేనో తన బ్యాగ్ తీసి పక్కన పెట్టాడు. "బియ్యం ఉండనియ్యి అన్నా. నా బట్టలు రేపటి విమానంల వస్తయి."

రేపటి విమానం రాలేదు. పొగమంచు. పెళ్ళికొడుకు కావలసిన మనిషి బావగారి బట్టల్లో తిరగాల్సి వచ్చింది. బావగారి నడుములో అతనిలాంటివాళ్ళు ఇద్దరు పడతారు. లాడ్జివాళ్ళిచ్చిన తాడుతో ప్యాంటు బిగించి కట్టుకుని, ఒక చేత్తో దాన్ని పట్టుకుని నడుస్తుంటే నాకు నవ్వు ఆగేది కాదు. తయారు చేసుకున్న ప్రశ్నలన్నీ మనసులోనే ఉన్నాయి. కానీ ప్యాంటు పట్టుకుని నిలబడ్డ మనిషిని 'అయిదేళ్ళ తర్వాత ఎక్కడుంటారు' అని ఎలా అడగను?

రెండో రోజు పడవలో నా గాలానికి చేప పడింది. పడటమంటే మామూలుగా కాదు, చేతులు భుజాల్లోంచి ఊడొచ్చేంతగా. రాడ్ విల్లులా వంగిపోయింది. నేను కేక పెట్టాను. బావగారు ఒక్క ఉదుటున లేచి "జరుగమ్మా, నువ్వు లాగలేవు, ఇలా ఇవ్వు!" అంటూ చేయి చాచారు. నాకెక్కడిదో కోపం తన్నుకొచ్చింది. "ముట్టుకున్నారంటే బావగారూ, మిమ్మల్ని నీళ్ళలోకి తోసేస్తాను!" అని అరిచాను. దాంతో ఆగానా అంటే లేదు, నెల్లూరు మాటలు ఇంకో నాలుగు వాటంతటవే వచ్చేశాయి. అక్క నోరు తెరిచి చూస్తోంది. అన్నాక తెలిసింది, అతని ముందు అన్నానని. ఇంక అయిపోయింది, డిసెంబర్‌లో తాళే గతి అనుకున్నాను.

వెనక నుంచి ప్లేనో గొంతు వినిపించింది. "అన్నా, కూసో. ఆమె చేప, ఆమెనే గుంజుతది." తర్వాత నాతో, "మీరు గుంజుండ్రి. వల నేను పట్టుకుంట." నేను గాలం దారం చుట్టాను, వదిలాను, మళ్ళీ చుట్టాను. అతను ఒక్క సలహా కూడా ఇవ్వలేదు. చివరికి వెండిలా మెరుస్తూ చేప పడవ పక్కకొచ్చింది. అతను రెండు చేతులా వల పట్టుకుని వంగాడు. సరిగ్గా అప్పుడే నడుముకు కట్టుకున్న తాడు తెగింది. ప్యాంటా, చేపా? మనిషన్నవాడు ప్యాంటే పట్టుకుంటాడు. అతను వల వదల్లేదు. బావగారి ప్యాంటు పాదాల దగ్గరికి చేరింది, నా చేప పడవలోకి చేరింది. (లోపల చలికి వేసుకునే థర్మల్ లాగు ఉందిలెండి. ఎర్రది. అదీ బావగారిదే.)

లాడ్జిలో వంటావిడ పొయ్యి మాకు వదిలేసింది. అక్క నా చేపతో చింతపండు పులుసు పెట్టింది. రాత్రయినా బయట ఇంకా పట్టపగల్లా వెలుతురు. ప్లేనో పొయ్యి పక్కన దుప్పటి కప్పుకుని, పులుసన్నం కలుపుకుంటూ కూర్చున్నాడు. ధైర్యం చేసి అడిగాను. "మీరు నన్ను ఒక్క ప్రశ్నా అడగలేదేం?"

"ఏం అడగాల్నండి? పడవల మీరు అన్నను తిట్టిన తిట్లన్నీ విన్న. గంత నవ్వు నాకు ఈ దేశంల ఎన్నడూ రాలే." పళ్ళెంలోకి చూస్తూ అన్నాడు. "మీరేమన్న అడుగుతరా?"

"ఏమీ లేదు" అన్నాను. "సరే అంటున్నాను, అంతే."

అతని చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. తలుపు చాటునుంచి అక్క పెట్టిన కేకకు లాడ్జివాళ్ళు ఎలుగుబంటి వచ్చిందనుకుని పరుగెత్తుకొచ్చారు.

ఇప్పుడు మేము డబ్లిన్‌లో ఉంటున్నాం. ఒక్క ప్రశ్న కూడా అడక్కుండా, ఒక చేపను చూసి జీవితాన్ని అప్పగించేసిన ఆ పిల్లను తలుచుకుంటే ముచ్చటేస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. పాపం, దానికి అతని గురక గురించి తెలియదు. తడి తువ్వాలు మంచం మీదే పడేస్తాడని తెలియదు. కోపమొస్తే రెండు రోజులు మాట్లాడడని తెలియదు. నాకిప్పుడు అన్నీ తెలుసు. అన్నీ తెలిశాక కూడా, ఎవరైనా నన్ను మళ్ళీ ఆ పొయ్యి పక్కన కూర్చోబెడితే, అదే మాట చెబుతాను. కాకపోతే అంత తొందరపడను. ముందు ఆ ముద్ద తిననిస్తాను.