ప్రభ మీదికి వచ్చిన చీటీ

తిరునాళ్ళకింకా వారం ఉంది. పర్చూరు బస్సులో వెనక కూర్చున్న కుర్రాళ్ళు, తిరునాళ్ళకి పార్టీలు పోటీపడి కట్టే కరెంటు దీపాల ప్రభల్లో ఏ ప్రభ స్టేజీ మీద ఈసారి ఏ ఆర్కెస్ట్రా పాడుతుందోనని అరుచుకుంటున్నారు. అందరూ నా దగ్గర చదువుకున్నవాళ్ళే.

"టీవీలో పాడే అమ్మాయి మా ప్రభకే ఒప్పుకుందిరా!"

"మీకెవరొస్తార్రా? పోయినేడు మీ స్టేజీ మీదే మా పార్టీ పాట పాడారు!"

గొల్లున నవ్వారు. నా పక్కన కూర్చున్న నడివయసు ఆవిడ వెనక్కి తిరిగింది.

"ఆ పాట పాడింది నేనే బాబూ."

నవ్వులు ఆగిపోయాయి.

"జనంలోంచి చీటీ వస్తే అందులో ఉన్న పాట పాడటమే మా పని. మాది ఈ వైపు కాదు. అది ఏ పార్టీ పాటో నాకేం తెలుసు? పల్లవి అవకముందే సీసాలు విసిరారు. డోలక్ వాయిస్తున్న మా ఆయనకి కణత మీద తగిలింది. మూడో రోజున పోయాడు."

పర్సులోంచి మడత కాగితం తీసింది.

"ఈ రాత ఎవరిదో గుర్తుపడతారా? కేసు పెట్టను. ఎందుకు రాశాడో అడగాలంతే."

కాగితం చేతులు మారింది. అందరూ తల అడ్డంగా ఊపారు. చివరికి నా దగ్గరికి వచ్చింది.

ళ తోకని కింది గీత దాకా లాగే ఆ రాతని మూడేళ్ళు ఎర్రసిరాతో దిద్దాను. రాసినవాడు నా వెనక సీట్లోనే ఉన్నాడు.

"తెలియదమ్మా," అని మడిచి ఇచ్చేశాను.

"పర్లేదండి," అందావిడ.

పర్చూరులో దిగుతుంటే వాడు నా సంచీ అందుకున్నాడు. "నేను తెస్తా, ఇవ్వండి మాస్టారూ."

ఇచ్చాను.