పేపర్ మీద చివరి పేరు

మా ఇంటిపేరు ఇంగ్లీషులో వై అక్షరంతో మొదలవుతుంది. బడిలో హాజరు నుంచి పీహెచ్‌డీ వైవా దాకా, నా వంతు వచ్చేసరికి పిలిచేవాళ్లకు ఓపిక అయిపోయేది. దానికి అలవాటు పడ్డాను గానీ, ఆ అక్షరం నా ఉద్యోగానికే ఎసరు పెట్టబోతుందని అనుకోలేదు.

పీహెచ్‌డీ అయ్యాక గాజువాకలో ఒక కోచింగ్ సెంటర్లో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. పొద్దున్న ఒక బ్యాచి, సాయంత్రం ఒక బ్యాచి, మధ్యలో డౌట్లు. జీతం బాగానే ఇచ్చేవారు. కానీ నా సొంత లెక్క ముట్టుకుని నెలలైపోయింది, బుర్ర తుప్పు పడుతోందని భయమేసేది. అప్పుడే యూనివర్సిటీలో గణితంలో పోస్ట్‌డాక్ పోస్టు పడింది. ఒక్కటే పోస్టు, పూర్తిగా పరిశోధనే. అది రాకపోతే నా గణితం అక్కడితో సరి.

"మల్లీ సదువేటే?" అంది అమ్మ.

"సదువు కాదమ్మా, ఉద్యోగమే. పరిశోధన సేత్తే జీతమిత్తారు."

"ఏటి సేత్తావక్కడ?"

నా పని గ్రాఫ్ థియరీలో. కొన్ని చుక్కలు, వాటిని కలిపే గీతలు. గీత కలిపిన రెండు చుక్కలకు ఒకే రంగు పడకుండా అన్నిటికీ రంగులు వేయాలి, ఎన్ని రంగులతో సరిపెట్టగలం అన్నది ప్రశ్న. అదే చెప్పాను. "సుక్కలకి రంగులేత్తే జీతమా? అయితే బేగెల్లు, ఇంకెవులైనా తన్నుకుపోగలరు" అంది అమ్మ.

ఇంటర్వ్యూ గదిలో మాట్లాడింది ఇద్దరే. ఒకాయన ఇంజినీరింగ్ ప్రొఫెసరు, రెండో ఆయన గణితం పెద్దాయన. మా గైడుతో, తోటివాళ్లతో కలిసి నేను రాసిన పరిశోధన పేపర్లు ఇంజినీరింగ్ ఆయన తిరగేసి పక్కన పెట్టారు.

"అన్నింట్లోనూ మీ పేరు చివరే ఉందమ్మా. ఇందులో మీ వంతు ఎంత?"

"గణితంలో పేర్లు అక్షర క్రమంలో వేస్తారు సార్. ఎవరు ఎక్కువ చేశారన్నదానితో సంబంధం లేదు."

"మా దగ్గర పని చేసినవాళ్ల పేరే ముందుంటుంది" అని నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. ఒక్క మాట సాయం వస్తారేమోనని పెద్దాయన వైపు చూశాను. ఆయన కళ్లజోడు తుడుచుకుంటున్నారు. సరే, నా తిప్పలు నేనే పడాలనుకుని లేచి, బోర్డు దగ్గర చాక్‌పీసు అందుకున్నాను.

మా పేపర్లోని ప్రూఫే మొదటి నుంచి ఎత్తుకుని, ఒక చుక్కను పక్కకు తీసి, మిగతావాటికి రంగులు వేసి, దాన్ని తిరిగి పెట్టాను.

"దాని చుట్టూ ఉన్నవాటికే రంగులన్నీ అయిపోతే?" అన్నారు ఇంజినీరింగ్ ఆయన. మంచి ప్రశ్న. అంత కోపంలోనూ ఒప్పుకోక తప్పలేదు.

"పక్కనున్న ఎరుపు చుక్క నుంచి బయల్దేరి, ఎరుపు, నీలం చుక్కల వెంటే గొలుసులా పోతూ ఆ రెండు రంగుల్నీ తారుమారు చేస్తాం సార్. అప్పుడు దీని పక్కన ఎరుపు ఉండదు, దీనికి ఎరుపు వేసుకోవచ్చు."

ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నారు. "ఆ గొలుసు తిరిగొచ్చి దీని పక్కనున్న నీలం చుక్కకే తగులుకుంటే? అది ఎరుపయి కూర్చుంటుంది. మళ్లీ మొదటికే కదా."

"మేమంతా ఆగిపోయింది అక్కడే సార్. అక్కణ్నుంచి నా వంతు."

మా గైడు ఇక వదిలేద్దామన్నా నేను వదలకుండా నెలల తరబడి పట్టుకు కూర్చున్న చోటది. బోర్డు చాలక చెరిపి మళ్లీ రాశాను. ఆయన అడ్డం పడుతూనే ఉన్నారు, నేను జవాబు చెబుతూనే ఉన్నాను. ఎన్నాళ్ల తర్వాతో నా బుర్ర నా మాట విన్నది. ఎంత ఆనందమేసిందో చెప్పలేను. చివరి గీత గీసేసరికి చున్నీ అంతా సుద్ద.

ఇంజినీరింగ్ ఆయన పెద్దాయన వైపు తిరిగారు. "ఈ పేర్ల సంగతి మీకు తెలుసు కదా. ఇందాకే చెప్పొచ్చుగా?"

"చెబితే ఈ ప్రూఫ్ మనం వినేవాళ్లం కాదు" అన్నారు పెద్దాయన.

సాయంత్రం దాకా వరండాలో కూర్చున్నాక లోపలికి పిలిచారు. పోస్టు నాకే. ఎప్పుడు చేరతారని ఇంజినీరింగ్ ఆయనే అడిగారు. బయటికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను. పొద్దున్నుంచీ జాగ్రత్తగా మాట్లాడిన ఇంటర్వ్యూ తెలుగు ఒక్క దెబ్బకు ఎగిరిపోయింది.

"అమ్మా, నాను గెలిసినాను."

"ఎవుల మీదే?"

వెనక తలుపు తీసే ఉంది, వాళ్లింకా లేవలేదు. వినపడితే వినపడనీ అని గట్టిగానే చెప్పాను.

"గది మొత్తం మీద."