మసిగుడ్డ బ్యాండు పాటకు అసలు అర్థం

మా మామయ్య ఒకే పాటకు ఒకే అర్థం రెండుసార్లు చెప్పిన పాపాన పోలేదు. పోనీ ఎవరో రాసిన పాటా అంటే, ఆయన స్వయంగా రాసిందే.

వయసులో ఉండగా మామయ్య, అత్తయ్య, ఇద్దరు స్నేహితులు కలిసి ‘మసిగుడ్డ’ అనే రాక్ బ్యాండు నడిపారు. డ్రమ్ము మోత తగ్గడానికి దానిమీద వంటింటి మసిగుడ్డ కప్పేవారట, పేరు అలా వచ్చింది. పాటలు మాత్రం దెయ్యాలు కూడా తలుపేసుకునేంత భయంకరం. అన్నిట్లోకీ పేరు మోసింది ఇది:

“నల్లనీళ్ళు మెట్లెక్కుతున్నాయి,
తలుపు తీయకు, లోపల నేనూ లేను.”

పాడింది అత్తయ్య. తరవాత గొంతుకు ఆపరేషనై, ఇప్పుడు ఆవిడకు గుసగుస తప్ప మాట రాదు. ఇంట్లో ఉన్న రికార్డేమో అరిగిపోయింది. దాన్ని మళ్ళీ వేయించి ఆవిడ గొంతు వినాలని మామయ్య ఆశ. రికార్డు కంపెనీ మేనేజరు సరేనంటూనే ఒక మెలిక పెట్టాడు. రికార్డు అట్ట వెనక బ్యాండు చరిత్ర, ఆ పాట అసలు అర్థం అచ్చువేయాలట. రాసే పని నా నెత్తిన పడింది.

మామయ్యని అడిగితే, “నీకెలాంటిది కావాలి?” అన్నాడు, చొక్కా కొలత అడిగే దర్జీలా.

లాభం లేదని వీధిన పడ్డాను.

“పెళ్ళాం వదిలేసిపోయినవాడి పాటండీ. మీ మామయ్యగారే చెప్పారు. మా ఆవిడ వెళ్ళిపోయాక ఆ రోజే కడుపునిండా తిన్నాను,” అన్నాడు పోస్ట్‌మాన్.

“కాదు, పేషెంటు పోతే తనే చంపాననుకునే నర్సు పాట,” అంది పక్కింటి నర్సు.

“బట్టతల గురించండీ!” అన్నాడు నున్నటి తలతో సెలూన్ ఆయన.

చిన్నప్పుడు నాకేమో మామయ్య, చీకటికి జడిసి మెట్లమీద ఏడ్చే రాక్షసుడి కథ అని చెప్పాడు. నా భయం పోయి వాడిమీద జాలి పట్టుకుంది. అన్నీ కలిపి చూస్తే బుర్ర తిరిగిపోయి అత్తయ్య దగ్గరికెళ్ళాను.

“మేం ప్రాక్టీసు చేసింది అద్దకం షాపు కింద గదిలో,” అని గుసగుసగా నవ్వింది. “వానొస్తే రంగునీళ్ళు గదిలోకొచ్చి మెట్లెక్కేవి. మేం బయటికి పారిపోయేవాళ్ళం. అంతే!”

“ఇంతేనా? ఇదే రాసేస్తా.”

“రాయి,” అన్నాడు మామయ్య వెనకనుంచి, ముఖం చిన్నబుచ్చుకుని. “పోస్ట్‌మాన్ చదవడూ? ఆ నర్సమ్మ చదవదూ?”

“మరి అత్తయ్య గొంతో?”

అత్తయ్యే ‘రాయొద్దులే’ అన్నట్టు తలూపింది. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మేనేజరు వచ్చి, ఖాళీ కాగితం చూసి మండిపడ్డాడు. మామయ్య ఆయన్ని కూర్చోబెట్టి, “కళ్ళకింద ఆ నలుపేమిటి బాబూ, నిద్ర పట్టడం లేదా?” అంటూ నన్ను కాఫీకి తరిమాడు. నేను తిరిగొచ్చేసరికి మేనేజరు ముక్కు తుడుచుకుంటున్నాడు.

“అట్ట వెనక ఏం వేస్తారండీ?” అన్నాను.

“ఏమీ వద్దు, ఖాళీగా ఉండనీండి. ఆ అర్థం నా సొంత విషయం.”

రికార్డు వచ్చింది, అత్తయ్య గొంతు ఇల్లంతా మోగింది. ఆయనకేం చెప్పావు మామయ్యా అని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. ఒక్కసారీ చెప్పిన జవాబు మళ్ళీ చెప్పలేదు.