నోరీన్ గది తలుపు

ఓడ ముసలిదైపోయిందని కంపెనీ వాళ్లు చెప్పకముందే మాకు తెలుసు. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయేది, కుళాయి తిప్పితే ముందు తుప్పు నీళ్లు వచ్చేవి, గాలి ఎక్కువైతే గది పైకప్పు కటకటలాడేది. నోరీన్ పైకప్పు పలకల సందులో కాగితపు రుమాలు మడిచి కుక్కి, "ఇక పడుకో మెర్వ్" అనేది. కొత్త ఓడలు ఎన్నొచ్చినా మేం వాటి ముఖం చూడలేదు. షాపింగ్ మాల్‌ను నీళ్లలోకి తోసినట్టుంటాయవి. వాటిలో సముద్రం ఎక్కడుందో వెతుక్కోవాలి.

నోరీన్ వొలొంగాంగ్‌లో బడి క్యాంటీన్ నడిపిన మనిషి. ఆమె మొగుడు మెర్వ్ ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ నడిపాడు. నాది న్యూకాజిల్. ఏటా చలికాలంలో సిడ్నీలో ఓడ ఎక్కి, పసిఫిక్ దీవులు తిరిగి మళ్లీ దిగేదాకా మా ముగ్గురిదీ ఒకే బల్ల. మధ్యాహ్నం క్విజ్‌లో మెర్వ్ మమ్మల్ని నోరు తెరవనిచ్చేవాడు కాదు. తప్పు జవాబైనా గట్టిగా చెప్పేవాడు.

ఓడలో తలుపులన్నీ ఒకేలా ఉంటాయి. అందుకని ఎక్కగానే ఎవరి ఇనుప తలుపుకు వాళ్లు ఒక అయస్కాంతం బొమ్మ అంటించుకోవడం మా పాతకాపుల అలవాటు. నోరీన్‌ది కూకబుర్ర పిట్ట, ముక్కు కొస విరిగినది. "రెండో గ్లాసు పడ్డాక మా ఆయనకు అంకెలు కనబడవు, పిట్టయితే కనబడుతుంది" అని ఏడిపించేది.

తర్వాత మెర్వ్‌కు మతిమరుపు మొదలైంది. ముదిరి ముదిరి చివరికి ఇంట్లో నోరీన్‌నే నర్సనుకునే దాకా వచ్చింది. ఓడను తుక్కుకు అమ్మేస్తున్నారని, ఇదే ఆఖరి ప్రయాణమని తెలిసిన రోజు ఆమె నాకు ఫోన్ చేసింది.

"తీసుకొస్తున్నాను డల్సీ. వద్దని మాత్రం అనకు."

"డాక్టరేమన్నాడు?"

"ఆ డాక్టరు మన ఓడ ఎప్పుడైనా ఎక్కాడా? అక్కడైతే మెర్వ్ నన్ను గుర్తుపడతాడే. ఒక్కసారి పేరు పెట్టి పిలిస్తే చాలు నాకు."

ఎక్కిన రోజు ఆమె మాటే నిజమయ్యేలా కనిపించింది. లోపల కాలు పెట్టగానే మెర్వ్ నడుము నిటారైంది. ఏ మెట్లు బారుకు పోతాయో, ఏవి భోజనాల గదికి పోతాయో అన్నీ తెలుసు. "ఈ లిఫ్టును నమ్ముకుంటే మనకు అన్నం నౌమియా రేవులోనే" అన్నాడు. నోరీన్ నా చెయ్యి పట్టుకుని నలిపేసింది. నాకూ ఆశ పుట్టింది.

నౌమియా దాటాక ఒక మధ్యాహ్నం మెర్వ్ క్విజ్ మధ్యలో లేచి వెళ్లిపోయాడు. మేం వెనకాలే పరుగెత్తాం. దారి తప్పలేదు. పిట్ట బొమ్మ ఉన్న తలుపుకు వీపు ఆనించి, చేతులు అడ్డం పెట్టి నిలబడ్డాడు.

"కాస్త జరుగు మెర్వ్, లోపలికి పోదాం" అంది నోరీన్.

"ఏమనుకోకండమ్మా. ఇది మా ఆవిడ గది. పరాయివాళ్లను రానిస్తే నన్ను బతకనివ్వదు."

"నేనే కదా నోరీన్‌ని."

మెర్వ్ నవ్వాడు. "మీరా? మీరు మా నోరీన్‌ని చూడలేదు."

నాకు ఒళ్లు మండింది. "ఏయ్ మెర్వ్! కళ్లు తెరిచి చూడవయ్యా, ఎవరో!" అని అరిచాను. చిన్నపిల్లాడిలా బెదిరిపోయాడు. నోరీన్ నన్ను ఆగమని, ఎదుటి గోడకు ఆనుకుని తివాచీ మీద కూలబడింది.

"ఆవిడ వచ్చేదాకా నేనూ కూర్చోవచ్చా?"

"కూర్చోండి. ఎక్కడో కబుర్లలో పడుంటుంది."

"ఎలాంటి మనిషి మీ ఆవిడ?"

"నోరు పెద్దది." అతనూ కింద కూర్చున్నాడు. "మాకు పిల్లల్లేరు. లోపం నాది. మా అమ్మ బతికున్నంత కాలం దాన్నే గొడ్రాలని దెప్పింది. అది ఒక్కసారైనా నిజం చెప్పలేదండీ. నన్ను కాపాడింది. నేనూ పక్కనే కూర్చుని ఊరుకున్నాను. ఇవాళ వస్తే క్షమించమని అడగాలి."

నోరీన్ కాస్త ముందుకు జరిగింది. "అడగక్కర్లేదు. ఆవిడ ఎప్పుడో క్షమించేసి ఉంటుంది."

"మీకేం తెలుసు?" అని కసిరాడు మెర్వ్. "నేను అడగాల్సింది దాన్ని."

నేను నడవా మలుపు దాటి, గోడకు ముఖం పెట్టుకుని ఏడ్చాను. అంత మాట చెప్పాడే, ఎదురుగా ఉన్నది ఆమేనని మాత్రం తెలియలేదే అనిపించింది.

సిడ్నీలో దిగే పొద్దున నోరీన్ పిట్ట బొమ్మ కిందికి గోరు పోనిచ్చింది. మెర్వ్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు.

"తీయకండి! మా ఆవిడింకా రాలేదు. అది లేకపోతే గది ఎలా కనుక్కుంటుంది?"

ఇంకొన్నాళ్లలో ఆ తలుపే ఉండదని నోరీన్‌కు తెలుసు. బొమ్మను సరిచేసి, అరచేత్తో ఒకసారి అదిమింది. "సరే, ఉండనిద్దాం."

రేవులో దిగాక మెర్వ్ కదలలేదు. దిగేవాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ నిలబడిపోయాడు.

"నోరీన్ రాలేదే" అన్నాడు.

అతని సంచీ, తన సంచీ రెండూ భుజాన వేసుకుని ఉంది నోరీన్. "వస్తుంది" అంది. "వచ్చేదాకా నేనుంటాను. పదండి."